టాన్‌బాహ్ వాగుకు ఆ పక్కా ఈ పక్కా

జర్మనీలో చదువుకున్నానని చెబితే చాలు, బెర్లిన్ గోడ చూశావా అని అడుగుతారు. చూశాను, కానీ చాలా ఆలస్యంగా. అంతకు ముందే నాకు బాగా పరిచయమైన గోడ ఇంకొకటి ఉంది. అది మహానగరంలో లేదు. దాదాపు యాభై మంది ఉండే ఒక పల్లెలో, చెప్పులు విడిచి దిగితే చీలమండలు మాత్రమే తడిసే ఒక వాగు పక్కన ఉంది. పల్లె పేరు మ్యోడ్లరాయిట్. వాగు పేరు టాన్‌బాహ్. సరిహద్దులో గస్తీ తిరిగిన అమెరికా సైనికులు ఆ ఊరికి ‘లిటిల్ బెర్లిన్’ అని పేరు పెట్టారు. అసలు పేరు నోరు తిరగని వాళ్ళకు ఇప్పటికీ అదే గుర్తు.

నేనుండేది అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని హోఫ్‌లో. బవేరియా రాష్ట్రానికి అది ఈశాన్యపు కొస. ఒక పక్క తురింగియా, ఇంకో పక్క సాక్సనీ, మరికాస్త ముందుకు వెళితే చెక్ దేశం. మిగతా బవేరియా వాళ్ళు ఆ ప్రాంతాన్ని ‘బవేరియా సైబీరియా’ అని వెక్కిరిస్తారు. అక్కడ ఒక్క చలికాలం గడిపినవాళ్ళెవరూ ఆ మాటను కాదనరు. రోడ్డు పక్కకు తోసిన మంచు మార్చి దాకా కరగక, మసిపట్టి నల్లగా పడి ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో భారతదేశంతో సంబంధాలు చూసుకోవడానికే ఒక కేంద్రం ఉంది. అందువల్ల మనవాళ్ళు బాగానే వచ్చేవారు. శనివారం పూట కూరగాయల దుకాణంలో పచ్చిమిరపకాయల దగ్గర నిలబడితే ఎవరో ఒకరి తెలుగు చెవిన పడేది.

హోఫ్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది చదువు కాదు, బజారు మధ్యలో సాసేజీలు అమ్మే మనిషి. అతన్ని ఆ ఊరి యాసలో ‘వెర్ష్ట్‌లామో’ అంటారు. అడుగున బొగ్గులు రాజుకుంటూ ఉండే ఇత్తడి పాత్రను ముందు పెట్టుకుని, మూత తీసి, పొగలు కక్కే వేడినీళ్ళలోంచి ఒక్కొక్కటే పైకి లాగి, రొట్టెలో పెట్టి ఆవముద్ద రాసి ఇచ్చేవాడు. ఆ మూత తీసినప్పుడల్లా వరుసలో ఉన్నవాళ్ళందరూ కాస్త ముందుకు వంగేవారు, ఆవిరికి ముఖం కాచుకోవడానికి. నేనూ వంగేదాన్ని.

మ్యోడ్లరాయిట్ సంగతి నాకు చెప్పింది మా ఇంటి యజమానురాలు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. మేం అద్దెకున్న అమ్మాయిలం మాలో మేము ఆమెను మామ్మగారు అనుకునేవాళ్ళం. ఒకరోజు వంటింట్లో కాఫీ తాగుతూ మీ ఊరెక్కడ అని అడిగారు. మాది ఆసిఫాబాద్ జిల్లా అనీ, మా వైపు కెరమెరి మండలంలో మహారాష్ట్ర సరిహద్దున కొన్ని ఊళ్ళున్నాయనీ, అవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయనీ చెప్పాను. అక్కడ ఒకే మనిషికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఊరికి ఇద్దరు సర్పంచులు. ఒక బడిలో తెలుగు, ఇంకో బడిలో మరాఠీ. రెండు ప్రభుత్వాలూ పోటీపడి ఇస్తాయి, జనం రెండు చేతులా తీసుకుంటారు. మామ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. “ఇక్కడ కూడా రెండు ప్రభుత్వాలు పోటీపడిన ఊరొకటుంది. కాకపోతే ఇవ్వడానికి కాదు. ఆదివారం వస్తావా?” అన్నారు.

హోఫ్ నుంచి వాయవ్యంగా వెళ్ళే ఆ దారంటే నాకు ఇప్పటికీ ఇష్టం. కొండలని పిలవడానికి వీల్లేని చిన్న చిన్న మిట్టలు, వాటి మీద పొలాలు, పొలాల అంచున నల్లగా కనిపించే స్ప్రూస్ చెట్ల వరుసలు. మే నెలలో వెళితే నూనెగింజల పంట పూతకొచ్చి మిట్టకు మిట్ట పసుపు పచ్చగా ఉంటుంది. ట్యోపెన్ అనే పెద్ద ఊరు దాటాక దారి సన్నబడి పల్లంలోకి దిగుతుంది. ఆ పల్లంలోనే మ్యోడ్లరాయిట్. పలకరాయి కప్పిన నల్లటి పైకప్పులు, పశువుల కొట్టాలు, కట్టెల మోపులు. బస్సు దొరకడం కష్టం, కారుంటేనే సుఖం. ఊళ్ళోకి రాగానే మొదట కనిపించేది తెల్లటి గోడ. దాని ముందు, గడ్డిలో దాగినట్టుండే వాగు. కాస్త పొడుగు కాళ్ళున్న వాళ్ళు ఒక్క అంగలో దాటేస్తారు. ఈ నీరంతా చివరికి జాలె నదిలో కలుస్తుంది.

ఇంత చిన్న వాగును సరిహద్దుగా పెట్టుకున్నది కమ్యూనిస్టులో అమెరికన్లో అనుకుంటే పొరపాటు. 16వ శతాబ్దం నుంచే అది హద్దు. ఒక ఒడ్డు బైరాయిట్ సంస్థానానిది, మరో ఒడ్డు రొయిస్ ప్రభువులది. 1810లో బైరాయిట్ బవేరియా రాజ్యంలో కలిసింది. అప్పుడే వాగు వెంబడి సరిహద్దు రాళ్ళు పాతారు. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. మోకాలెత్తు రాయి, నాచు పట్టి, ఒక మొహం మీద బవేరియా రాజ్యానికి గుర్తుగా ‘కె.బి.’, రెండో మొహం మీద రొయిస్ సంస్థానానికి గుర్తుగా ‘ఎఫ్.ఆర్.’ అని చెక్కి ఉంటుంది. మామ్మగారు చేతికర్ర కొసతో నాచు తప్పించి చూపించారు. అక్షరాల గాడిలో ఒక చీమ పోతోంది. రాజులు పోయాక, 1920లో రొయిస్ ప్రాంతం కొత్తగా ఏర్పడిన తురింగియా రాష్ట్రంలో భాగమైంది. రాళ్ళు మాత్రం పాతినచోటే ఉన్నాయి.

అప్పట్లో ఆ రాళ్ళను పట్టించుకున్నవాళ్ళు లేరు. బడీ, సారాయి కొట్టూ తురింగియా ఒడ్డున. చర్చికి మాత్రం అందరూ బవేరియా వైపు ట్యోపెన్‌కు నడిచి వెళ్ళేవారు. పిల్లలు ఆ పక్కకు వెళ్ళి చదువుకునేవారు, పెద్దలు ఆ పక్కకే వెళ్ళి తాగేవారు, ఆదివారం అందరూ కలిసి ఈ పక్కకు వచ్చి పాపాలు కడుక్కునేవారు. ఇది మామ్మగారి మాట, నాది కాదు. పన్నులు వేరు, రాజు వేరు. పెళ్ళిళ్ళు, చావులు, బీరు గ్లాసులు మాత్రం ఉమ్మడి. గీతలు ఎన్ని గీసినా ఊళ్ళు బతికేది ఇలాగే కాబోలు.

1945లో అంతా తారుమారైంది. ఏప్రిల్‌లో తురింగియాను అమెరికా సైన్యం ఆక్రమించింది. విజేతల మధ్య అంతకు ముందే కుదిరిన పంపకాల ప్రకారం జూలైలో దాన్ని సోవియట్లకు అప్పగించి, బెర్లిన్‌లో తమ వాటా తీసుకుంది. టాన్‌బాహ్ అమెరికా చేతిలోని ప్రాంతానికీ సోవియట్ల చేతిలోని ప్రాంతానికీ మధ్య గీత అయింది. 1949లో రెండు జర్మనీలు పుట్టాక అదే రెండు దేశాల మధ్య హద్దు. బవేరియా పశ్చిమ జర్మనీలో, తురింగియా తూర్పు జర్మనీలో. మొదట్లో ఇంకా రాకపోకలుండేవి. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు అనుమతి చీటీలు పట్టుకుని తిరిగేవారు.

1952 మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం ఆ తలుపు మూసింది. సరిహద్దు పొడవునా 10 మీటర్ల వెడల్పున నేల దున్ని పెట్టారు, అడుగు పడితే గుర్తు తెలిసేలా. దాని వెనక 500 మీటర్లు కట్టుదిట్టమైన పట్టీ, ఆ వెనక 5 కిలోమీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ జూన్‌లోనే, నమ్మదగనివారని ముద్రపడిన కుటుంబాలను సరిహద్దు ఊళ్ళలోంచి లేపి లోపలి జిల్లాలకు తరలించారు. అలా కదిలించిన వాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ పనికి అధికారులు పెట్టుకున్న రహస్య నామం ‘చీడపురుగులు’. మ్యోడ్లరాయిట్‌లో ముందు మనిషి ఎత్తును మించిన చెక్కల కంచె లేచింది. తర్వాత ముళ్ళకంచె. 1966లో కాంక్రీటు గోడ, 700 మీటర్ల పొడవున, మూడు మీటర్లకు పైగా ఎత్తున.

ఒక్క విషయం అక్కడికి వెళ్ళి చూస్తే తప్ప అర్థం కాదు. గోడ సరిగ్గా హద్దు మీద లేదు. హద్దు వాగు దగ్గరే, గోడను కాస్త వెనక్కి, తూర్పు నేల మీదే కట్టారు. అంటే గోడకు ఇటువైపు కనిపించే గడ్డి కూడా తూర్పు జర్మనీదే. బవేరియా వైపు నుంచి ఎవరైనా వాగు దాటి ఆ గడ్డి మీద కాలు పెడితే పరాయి దేశంలో అడుగుపెట్టినట్టు లెక్క. ఊరి పిల్లలు బంతాట ఆడుకునేటప్పుడు బంతి అటు పోతే ఏం చేసేవారని అడిగాను. “బంతి పోయినట్టే” అన్నారు మామ్మగారు.

తూర్పు ఒడ్డున ఉన్నవాళ్ళ బతుకు వేరుగా ఉండేది. 500 మీటర్ల పట్టీలో ఉండేవారికి గుర్తింపు కార్డులో ప్రత్యేక ముద్ర. రాత్రిళ్ళు బయట తిరగకూడదు. సొంత అన్నదమ్ములు వేరే ఊరి నుంచి చూడటానికి రావాలన్నా పోలీసుల అనుమతి కావాలి, అది రావచ్చు, రాకపోవచ్చు. అన్నిటికంటే నన్ను కుదిపింది మరొకటి. పడమటి వైపుకు చెయ్యి ఊపకూడదు, పలకరించకూడదు. మామ్మగారు చిన్నప్పుడు ఆదివారాలు తండ్రితో కలిసి ఆ మిట్ట మీదికి వచ్చేవారట. అలా చూడటానికి వచ్చేవాళ్ళు చాలామందే ఉండేవారు, బస్సుల్లో కూడా. కంచెకు అవతల ఒకామె దండెం మీద దుప్పట్లు ఆరేసుకుంటోంది. ఈ పిల్ల చెయ్యి ఊపింది. ఆమె తల ఎత్తలేదు. దుప్పటి కొసలు లాగి సరిచేసి, గంపెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. “పొగరుబోతు మనిషి అనుకున్నాను. మా నాన్న వివరించి చెప్పేసరికి ఏడ్చాను. ఆమె కోసం కాదు, అనవసరంగా తిట్టుకున్నందుకు” అన్నారు.

ఇంత కాపలా ఉన్నా ఆ ఊళ్ళో గోడ దూకి బయటపడ్డ మనిషి ఒకడున్నాడు. 1973 మే నెలలో, నిషేధిత ప్రాంతంలో తిరగడానికి అనుమతి ఉన్న ఒక డ్రైవరు బండిని గోడ పక్కకు పోనిచ్చి, దాని మీద నిచ్చెన వేసుకుని ఎక్కి అటు దూకాడు. అలా గోడ దాటడం ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరి వల్లా కాలేదు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ పశ్చిమ జర్మనీ రక్షణమంత్రితో కలిసి ఈ గోడ చూడటానికి వచ్చాడు. యాభై గడప లేని పల్లెకు అంత పెద్ద మనుషులు రావడం చూసి హోఫ్ వాళ్ళు అసూయపడ్డారట. హోఫ్ వాళ్ళ అసూయ గురించి హోఫ్ మనిషే చెప్పింది కాబట్టి నమ్మాను.

ఆ అసూయ తీరడానికి ఆరేళ్ళు పట్టింది. ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో వేలమంది తూర్పు జర్మనీ వాళ్ళు తలదాచుకున్న రోజులవి. వాళ్ళను వదిలిపెట్టడానికి ఒప్పుకున్న తూర్పు ప్రభుత్వం, రైళ్ళు తమ నేల మీదుగానే వెళ్ళాలని పట్టుబట్టింది. 1989 అక్టోబరు 1 తెల్లవారుజామున మొదటి రైలు హోఫ్ స్టేషనుకు చేరింది. మామ్మగారు ఫ్లాస్కులో టీ, ఇంట్లో ఉన్న దుప్పట్లు పట్టుకుని వెళ్ళారు. ఊరు ఊరంతా అప్పటికే అక్కడ ఉందట. ఒక యువతి రైలు దిగి, చంకలో పసిబిడ్డతో, ఇది నిజంగా హోఫేనా అని ముగ్గురిని అడిగి గానీ నమ్మలేదని చెప్పేవారు.

ఆ రైళ్ళు వచ్చిన దారిలోనే ప్లావెన్ ఉంది. సాక్సనీలోని లేసు అల్లికల పట్టణం. మామ్మగారి చిన్నమ్మ ఉండేది అక్కడే. మధ్య దూరం రైల్లో గంటకు మించదు, కానీ ఏటా క్రిస్మస్‌కు వెళ్ళేది మనుషులు కాదు, పార్సిళ్ళు. కాఫీ పొడి, చాక్లెట్లు, సబ్బులు, పట్టుమేజోళ్ళు. పైన ‘కానుక, అమ్మకపు సరుకు కాదు’ అని తప్పనిసరిగా రాయాలి. మారుగా ప్లావెన్ నుంచి లేసు బల్లగుడ్డలు వచ్చేవి. అక్టోబరు 7న, తూర్పు జర్మనీ పుట్టి నలభై ఏళ్ళయిన రోజున, అదే ప్లావెన్‌లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. నవంబరులో సరిహద్దు తెరుచుకోగానే హోఫ్ నిండా తూర్పు జర్మనీ వాళ్ళ ట్రాబంట్ కార్లే. ఒక్కొక్కరికి పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 100 మార్కులు స్వాగతపు సొమ్ము ఇచ్చింది. ఆ కార్లు వదిలే కాలిన నూనె కంపుకు మూడు రోజులు కిటికీలు తెరవలేదట. చిన్నమ్మ వచ్చి ఆ డబ్బుతో కొన్నవి జిప్పులు, గుండీలు. ఆమె దర్జీ. నాకు ఈ గుండీల సంగతి మొత్తం చరిత్రలోకీ ఎక్కువ నచ్చింది.

మ్యోడ్లరాయిట్‌కు మాత్రం ఇంకో నెల పట్టింది. బెర్లిన్‌లో గోడ తెరిచిన సరిగ్గా నెలకు, డిసెంబరు 9న, ఇక్కడ నడిచి దాటడానికి దారి ఇచ్చారు. విచిత్రమేమిటంటే అదే రోజు హోఫ్‌లో రెండు జర్మనీల నుంచీ దాదాపు 400 మంది పర్యావరణ ప్రేమికులు సమావేశమయ్యారు. దాదాపు 1,400 కిలోమీటర్ల సరిహద్దు పట్టీలో నలభై ఏళ్ళు మనిషి అడుగుపెట్టకపోవడంతో అరుదైన పిట్టలూ మొక్కలూ మిగిలాయనీ, దాన్ని అలాగే కాపాడాలనీ తీర్మానించారు. ‘గ్రీన్ బెల్ట్’ పుట్టింది అలా. ఒక పక్క జనం గోడ దాటుతుంటే, ఇంకో పక్క పిట్టల గురించి ఆలోచించినవాళ్ళున్నారు చూడండి. మాకు వేసవిలో సైకిళ్ళ మీద తిరగడానికి ఆ పట్టీయే దారి. సైన్యం బండ్ల కోసం వేసిన కాంక్రీటు పలకలు, వాటి చిల్లుల్లోంచి పెరిగిన గడ్డి. సైకిలు మీద వెళితే పళ్ళు కదిలిపోతాయి.

1990 జూన్ 17న మ్యోడ్లరాయిట్ గోడను యంత్రంతో కూల్చడం మొదలుపెట్టారు. వంద మీటర్ల దాకా ముక్క, కావలి బురుజు, కంచె కొంత భాగం మ్యూజియం కోసం ఉంచేశారు. లోపల సైన్యం వాహనాలు వరుసగా పెట్టారు. మగపిల్లలు వాటి దగ్గరే ఆగిపోతారు. నాకు అవి పట్టలేదు. బురుజు కింద నిలబడి చూస్తే ఎదురింటి వంటింటి కిటికీ ఎంత దగ్గరో తెలుస్తుంది. లోపల ఉల్లిపాయలు తరిగినా కనిపించేంత దగ్గర. కాపలా కాసిన కుర్రాళ్ళు, తరిగిన మనిషి, రోజూ ఒకరినొకరు చూసుకుంటూ ఎన్నేళ్ళు గడిపారో అనిపించేది.

జర్మనీలు కలిశాయి కదా, ఊరు కూడా కలిసిందనుకున్నాను. లేదు. ఈ ఒడ్డు ఇప్పటికీ బవేరియాలోని ట్యోపెన్ పంచాయతీది, ఆ ఒడ్డు తురింగియాలోని గెఫెల్ పురపాలికది. ఇద్దరు మేయర్లు. రెండు పిన్‌కోడ్లు. ఫోను చేస్తే కోడ్ వేరు. కారు నంబరు పలకల మీద అక్షరాలు వేరు. పిల్లలు వేర్వేరు బళ్ళకు వెళతారు, ఎందుకంటే చదువు రాష్ట్రాల చేతిలో ఉంది. పలకరింపు కూడా ఇటు ‘గ్రూస్ గాట్’, అటు ‘గూటెన్ టాగ్’. ఊరిని ఒకే రాష్ట్రంలో కలిపేయవచ్చు కదా అని అడిగితే మామ్మగారు నన్ను వింతగా చూశారు. “ఎందుకు? 1810 నుంచి బాగానే ఉంది. మధ్యలో నలభై ఏళ్ళే బాగాలేదు” అన్నారు. నేను పెరిగిన చోట రెండు కార్డులు వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోరని గుర్తొచ్చి మళ్ళీ అడగలేదు.

ఇక మాకు ఆ సరిహద్దుతో పని పడేది సెలవుల్లో. అక్టోబరు 31 తురింగియాలో, సాక్సనీలో పండుగ సెలవు. బవేరియాలో కాదు. ఆ రోజు అటువాళ్ళంతా హోఫ్ మీద పడేవారు, కారు నిలపడానికి చోటుండేది కాదు. మర్నాడు నవంబరు 1 బవేరియాకు సెలవు, అన్నీ మూత. ఇంట్లో బియ్యం నిండుకుంటే మేం రైలెక్కి ప్లావెన్ వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. సెలవు ఉండేది ఇంటి చిరునామాను బట్టి కాదు, పనిచేసే చోటును బట్టి. కాబట్టి ఆ పల్లెల్లో మొగుడు హోఫ్‌లో, పెళ్ళాం గెఫెల్‌లో పనిచేస్తే, ఆమెకు సెలవైన రోజు అతనికి పని, అతనికి సెలవైన రోజు ఆమెకు పని. పాపం కదా అన్నాను. “పాపమేముంది? ఒకరోజు ఇల్లంతా ఆమెది, ఒకరోజు అతనిది. నాకూ మా ఆయనకూ అలా కుదిరి ఉంటే ఎంత బాగుండేది” అన్నారు మామ్మగారు, కప్పులో ఇంకాస్త కాఫీ పోసుకుంటూ.